రాత్రి డ్యూటీ లెక్కలో లేనివాళ్లు

ఈ రోజు పొద్దున ఒక తప్పు చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా దగ్గర పనిచేసే కుర్రవాళ్లను ఏ తప్పు చేయొద్దని హెచ్చరించానో, సరిగ్గా అదే తప్పు. రిటైరయ్యాక చేశాను కాబట్టి తిట్టడానికి పై అధికారులెవరూ లేరు. ఇంట్లో సుగుణ ఉంది, ఆ లోటు ఆవిడ తీర్చింది.

నేను గణాంక శాస్త్రం చదివినవాణ్ని. ఆస్పత్రి రికార్డులూ ఆరోగ్య పరీక్షల ఫలితాలూ ముందు పెట్టుకుని, ఏ అలవాటు వల్ల ఏ జబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో అంచనా కట్టే ఒక కంపెనీలో, హైటెక్ సిటీలో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం నా అనుభవాలు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ప్రమోషన్ల గురించీ, విదేశీ సదస్సుల గురించీ రాయను. అవి ఎవరికైనా వస్తాయి. తప్పుల గురించి రాస్తాను. ఇవాళ్టి తప్పు ఇంకా వేడిగా ఉంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

క్లబ్‌హౌస్‌లో జరిగింది

మేము తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాం. ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి క్లబ్‌హౌస్‌లో రెసిడెంట్స్ అసోసియేషన్ మీటింగ్ నడుస్తోంది. మాకు గార్డులను పంపే ఏజెన్సీ మేనేజరు శ్రీధర్ ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఇకనుంచి గార్డులందరూ వంతులవారీగా పగలూ రాత్రీ డ్యూటీ మారాలి. షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి డ్యూటీ వేయకూడదని ఇప్పటిదాకా ఉన్న మినహాయింపు తీసేయాలి.

మా దగ్గర ఆ మినహాయింపు ఒక్క మనిషిదే. మెయిన్ గేటు దగ్గర పగలు ఉండే కొమురయ్యది. జనగామ వైపు ఊరు, యాభై దాటిన వయసు. ఇన్సులిన్ మీద ఉన్నాడు. సూది వేసుకున్నాక వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి. పోయిన సంవత్సరం, జబ్బు సంగతి ఏజెన్సీకి చెప్పకుండా రాత్రి డ్యూటీ చేస్తూ అలాగే పడిపోయాడు. పాల ప్యాకెట్లు వేసే మనిషి వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు. దవాఖాన డాక్టరు రాత్రి డ్యూటీ వద్దన్నాడు, ఆ తరవాతే అతన్ని పగటికి మార్చారు. ఇప్పుడు మళ్లీ రాత్రి చేయాలి, లేదా మానేయాలి. ఆ వయసులో, ఆ ఒంటితో ఇంకో చోట పని దొరకడం కష్టం. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ మీటింగులో కూర్చున్నాను.

శ్రీధర్ తెర మీద ఒక పట్టిక చూపించాడు. ఈ చుట్టుపక్కల వాళ్ల ఏజెన్సీలో పనిచేసే గార్డులందరికీ హెల్త్ క్యాంపు పెట్టారట. రాత్రి డ్యూటీ వాళ్లకంటే పగటి డ్యూటీ వాళ్లలోనే షుగర్ ఎక్కువగా ఉంది.

"నైట్ డ్యూటీతోని షుగర్ పెరుగుతదని అందరంటరు సార్. మా దగ్గర ఉల్టా ఉంది. నైట్ చేసేటోళ్లే మంచిగున్నరు" అన్నాడు శ్రీధర్.

అసోసియేషన్ కార్యదర్శి మాధవి గారు నా వైపు తిరిగారు. "ఇది మీ సబ్జెక్టే కదండీ ఇమ్మానుయేలు గారూ. ఒకసారి చూసి చెప్పండి."

అబద్ధమెందుకు, నాకు సంతోషమేసింది. రిటైరయ్యాక నా సబ్జెక్టు గురించి నన్నెవరూ ఏమీ అడగలేదు. లిఫ్టు ఎప్పుడు బాగవుతుందని మాత్రమే అడిగారు. లేచి, కళ్లద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి వెళ్లాను. పగటి డ్యూటీ వాళ్లలో వయసు పైబడినవాళ్లు ఎక్కువేమో చూశారా అని అడిగాను. వయసుల వారీగా విడగొట్టిన పట్టిక చూపించాడు. బరువు? అదీ ఉంది. అన్నిచోట్లా పగటివాళ్లే ఎక్కువ షుగర్‌తో ఉన్నారు.

"లెక్క సరిగ్గానే ఉంది" అన్నాను.

అంతే. చేతులెత్తారు, తీర్మానం అయిపోయింది. వచ్చే నెల నుంచి అమలు. మైకు సరిచేయడానికి పిలిపించిన కొమురయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్నొకసారి చూసి, టోపీ పెట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర సుగుణ ఏం తేల్చారని అడిగింది. చెప్పాను. ఆవిడ ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసిన మనిషి. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఇన్సులిన్ మీదున్న మనిషిని రాత్రంతా గేటు దగ్గర కూర్చోబెట్టమని చెప్పొచ్చారా?"

"నేనలా అనలేదు. లెక్క సరిగ్గా ఉందన్నాను."

"వాళ్లకు కావాల్సింది లెక్కా అండీ? ఆయన్ని నైటుకు పంపొచ్చా లేదా అని కదా అడిగింది."

పప్పు కలుపుకుంటూ ఆ పట్టికను మనసులో మళ్లీ చూశాను. కొమురయ్య ఆ పట్టికలో ఎక్కడున్నాడు? పగటి డ్యూటీ వరసలో ఉన్నాడు, షుగర్ ఉన్నవాళ్ల గడిలో. పగటి డ్యూటీ వల్ల అతనికి షుగర్ వచ్చిందా? రాత్రులు చేస్తుండగా వచ్చింది. వచ్చాక పగటికి పంపారు. అంటే రాత్రి డ్యూటీలో జబ్బుపడ్డ మనిషి పగటి డ్యూటీ ఖాతాలో పడ్డాడు. అతనొక్కడే ఎందుకవుతాడు? మినహాయింపు ఏజెన్సీ అంతటా ఉంది కాబట్టి, రాత్రిళ్లు జబ్బుపడ్డ ప్రతివాడూ పగటికి వచ్చి ఉంటాడు, లేదా అసలు మానేసి ఊరికి వెళ్లిపోయి ఉంటాడు. ఇక రాత్రి డ్యూటీలో మిగిలేది ఎవరు? తట్టుకున్నవాళ్లు. వాళ్లు ఆరోగ్యంగా కనిపించక ఇంకెలా కనిపిస్తారు?

వయసూ బరువూ అడిగిన నాకు, "ఈ పగటివాళ్లు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడగాలని తోచలేదు. అన్నం సగంలో వదిలేశాను.

లేనోళ్ల తరఫున

ఈ ప్రశ్న నాకు నేర్పింది మా బాస్ వసుంధర మేడమ్. వైద్యం చదివి, ఆ తరవాత గణాంకాలు చదివిన మనిషి. పాతబస్తీలో పుట్టి పెరిగారు. ఎంత పెద్ద మీటింగైనా ఆ మాటతీరు మార్చుకోలేదు.

మా టీములో ఆమె పెట్టిన ఒక పద్ధతి ఉండేది. ఏ అధ్యయనమైనా బయటికి వెళ్లేముందు అందరం ఒక గదిలో కూర్చునేవాళ్లం. మొదలుపెట్టగానే ఆమె అడిగే మాట ఒకటే: "ఇయ్యాల లేనోళ్ల తరఫున ఎవరు మాట్లాడుతరు?" ఎవరో ఒకరు చేయెత్తాలి. వాళ్ల పని, ఆ అధ్యయనంలోకి రానివాళ్ల పక్షాన వాదించడం. ఆస్పత్రికి రాకుండానే చనిపోయినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు, రికార్డుల్లోకి ఎక్కని మందులు, ఎవరూ అడగని అలవాట్లు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదొక ఆటలా ఉండేది. నాకైతే మొదట్లో చికాకుగా ఉండేది. ఫలితం తయారై కూర్చుంటే, దానికి ఇంత అడ్డంకి ఎందుకని.

ఎందుకో చెబుతాను. మా పనిలో మనుషుల మీద ప్రయోగాలు చేయం. సగంమందికి సిగరెట్లు ఇచ్చి, సగంమందికి ఇవ్వకుండా ఏమవుతుందో చూడలేం కదా. వాళ్లంతట వాళ్లు బతుకుతుంటే పక్కనుంచి గమనిస్తాం. అందులో ఒక చిక్కుంది. ఎవరు ఏ మందు వేసుకుంటారు, ఎవరు ఏ డ్యూటీ చేస్తారు అన్నది లాటరీ తీసి నిర్ణయమైంది కాదు. దాని వెనక ఒక కారణం ఉంటుంది. చాలాసార్లు జబ్బుకూ అదే కారణమవుతుంది. అది మన రికార్డులో ఉంటే, ఆ విషయంలో సమానంగా ఉన్నవాళ్లనే పోల్చి లెక్కలో సర్దుకోవచ్చు. లేకపోతే అది దాగి ఉండి మన జవాబును తన వైపు లాగుతుంది. ఎక్కువమందిని తీసుకుంటే తప్పు తగ్గుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. తగ్గదు. జనం పెరిగేకొద్దీ తప్పుడు జవాబు మరింత నమ్మకంగా వస్తుంది, అంతే.

గ్యాస్ మాత్ర

ఒకసారి మేడమ్ తల్లిగారు ఆస్పత్రిలో ఉండి, ఆమె సెలవులో ఉన్నారు. టీము నా చేతిలో ఉంది. ఒక ఆస్పత్రి వాళ్ల రికార్డుల్లో, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లకు కిడ్నీ జబ్బు చాలా ఎక్కువగా కనబడింది. వయసు, బీపీ, షుగర్, బరువు అన్నీ సర్దాను. ఫలితం చెక్కుచెదరలేదు. ఆస్పత్రి వాళ్లు తొందరపెడుతున్నారు. లేనోళ్ల తరఫున మాట్లాడే మీటింగు పెట్టకుండానే రిపోర్టు పంపేశాను. మేడమ్ లేనప్పుడు ఒక పెద్ద ఫలితం నా పేరు మీద వెళ్లాలన్న ఆశ కూడా ఉందని ఒప్పుకోవాలి.

ఆస్పత్రి వాళ్లు ఆ మాత్ర వీలైనంత తగ్గించమని తమ డాక్టర్లకు చెప్పారు. కొన్నాళ్లకు అక్కడి డాక్టరు ఒకాయన ఫోన్ చేశాడు. నార్సింగిలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకావిడకు గ్యాస్ మాత్ర ఆపారు. కడుపులో పుండు పగిలి రక్తం పోయింది. బతికింది, కానీ చావు దాకా వెళ్లొచ్చింది. మిషన్ తొక్కీ తొక్కీ నడుం పట్టేస్తే, ఏళ్లతరబడి మెడికల్ షాపులో నొప్పి గోలీలు కొని మింగుతోంది. చీటీ ఉండదు, బిల్లు ఉండదు, ఆస్పత్రి రికార్డులోకి ఎక్కదు. ఆ గోలీలతో కడుపు మండితే డాక్టరు గ్యాస్ మాత్ర రాశాడు. కిడ్నీని దెబ్బతీసేవి నొప్పి గోలీలు. పక్కనే ఉన్నందుకు పేరు పడింది గ్యాస్ మాత్రకు.

మేడమ్ తిరిగి వచ్చాక సంగతి చెప్పాను. ఆమె కేకలేయలేదు. "ఏమేం అడ్జస్ట్ చేసినవ్?" అని అడిగారు. వరసగా చెప్పాను. "మంచిగ చేసినవ్. లేని కాలమ్ ఎట్ల అడ్జస్ట్ చేస్తవ్ మరి?" అన్నారు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, మాత్ర మొదలుపెట్టకముందు వాళ్ల సంగతి ఏమిటో చూడమన్నారు. చూస్తే, మాత్ర మొదలవకముందే వాళ్లు నడుం నొప్పికీ మోకాళ్ల నొప్పికీ మిగతావాళ్లకంటే ఎక్కువసార్లు ఆస్పత్రికి వచ్చారు. రేపు మింగబోయే మాత్ర నిన్నటి నొప్పిని తెచ్చిపెట్టలేదు కదా. అంటే ఈ రెండు గుంపులూ మొదటినుంచీ వేరు. దాగిన కారణం పేరు తెలియకపోయినా, దాని అలికిడి ఇలా వినొచ్చు. సగం పూట పని. ఆ సగం పూట నేను పెట్టలేదు.

రిపోర్టు వెనక్కి తీసుకున్నాం. ఆ కుట్టుమిషన్ ఆవిడను చూడటానికి మాత్రం నేను వెళ్లలేదు. కంపెనీ లాయరు వద్దన్నాడని చెప్పుకున్నాను. నిజానికి, ఆయన వద్దంటే నాకు ఊపిరి ఆడింది. అది నా వృత్తి జీవితంలో అన్నిటికంటే చెడ్డ రోజు.

చెకప్‌కు వచ్చేవాళ్లు

ఆ దెబ్బ తరవాత కొంతకాలం బుద్ధిగా ఉన్నాను. గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ, ఏటా తాము పెట్టే హెల్త్ చెకప్ వల్ల ఉద్యోగులకు గుండెజబ్బులు తగ్గాయని చెప్పుకోవాలనుకుంది. మా దగ్గరికి వచ్చింది. లెక్క వేస్తే, చెకప్‌కు వచ్చేవాళ్లలో గుండెజబ్బులు నిజంగానే తక్కువ. అప్పుడు నేనే లేనోళ్ల తరఫున కూర్చున్నాను. చెకప్‌తో ఏ సంబంధమూ ఉండకూడని ఒక దాన్ని వెతికి, వీళ్లలో అదెలా ఉందో చూద్దామన్నాను. బైక్ ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లను చూశాం. చెకప్‌కు వచ్చేవాళ్లలో ఆ దెబ్బలు కూడా తక్కువే. రక్తపరీక్ష చేయించుకుంటే హెల్మెట్ దానంతటదే తలకెక్కదు. జాగ్రత్తపరులైనవాళ్లే హెల్మెట్ పెట్టుకుంటారు, వాళ్లే చెకప్‌కూ వస్తారు. ఫలితంలో ఎంత భాగం చెకప్‌ది, ఎంత భాగం ఆ స్వభావానిది అన్నది అప్పుడు తెలియదు.

మా సేల్స్ హెడ్‌కు కోపం వచ్చింది. "వాళ్లు రిపోర్టు అడిగారండీ, ఒప్పుకోలు కాదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాతికమంది జీతాలు ఆయన తెచ్చే పని మీద నడిచేవి. ఇలాంటివాళ్లు మీకు ప్రతి కంపెనీలో తగులుతారు. వాళ్లతో పోట్లాడకండి. ఏది చెప్పొచ్చో వాళ్లతో కలిసి వెతకండి. మేము ఆ కంపెనీకి అలాగే, చెప్పగలిగినంతవరకే చెప్పాం. వాళ్లు మళ్లీ రాలేదు.

ఇంకో మాట. దాగిన కారణం ఉందని తేలినంత మాత్రాన ప్రతి ఫలితాన్నీ చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. అది ఇంకో రకం సోమరితనం. ఏ అధ్యయనం చూసినా "ఏదో దాగి ఉండొచ్చు" అని పెదవి విరిచేవాళ్లు తెలివైనవాళ్లలా కనిపిస్తారు. మేడమ్ అలాంటివాళ్లను వదిలేవారు కాదు. "ఉండొచ్చు అంటే నడువదు. ఎంత పెద్దగ ఉండాలె, అది చెప్పు" అనేవారు. దానికి పద్ధతి ఉంది. ఒక అలవాటు ఉన్నవాళ్లలో జబ్బు రెట్టింపుగా కనిపించిందనుకోండి. అదంతా దాగిన కారణం పనే కావాలంటే, ఆ కారణం ఈ అలవాటు ఉన్నవాళ్లలో రెట్టింపు కంటే ఎక్కువగా ఉండాలి, జబ్బునూ రెట్టింపు కంటే ఎక్కువ పెంచాలి. రెండు వైపులా అంత బలమైనది నిజ జీవితంలో ఏమైనా ఉందా అని వెతకాలి. నొప్పి గోలీల్లాంటిది కనబడితే ఫలితాన్ని నమ్మకూడదు. ఎంత వెతికినా కనబడకపోతే, కొంచెం ధైర్యంగా మాట్లాడొచ్చు. కొంచెమే.

ఆదివారం మధ్యాహ్నం

అన్నం దగ్గరినుంచి లేచి, ముందు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు తెరిచాను. "పొద్దున చర్చించిన అంశంపై కొంత పునఃపరిశీలన అవసరమని భావిస్తున్నాను" అని రాశాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. చెరిపేసి, "పొద్దున నేను చెప్పింది తప్పు. ఆ పట్టికను బట్టి రాత్రి డ్యూటీ మంచిదని చెప్పలేం. తీర్మానం ఆపమని కోరుతున్నాను" అని రాశాను. ఎవరో వెంటనే జవాబిచ్చారు: "పొద్దున కరెక్ట్, మధ్యాహ్నం రాంగ్. సాయంత్రం మళ్లా అప్‌డేట్ ఇస్తరా సార్?" దాని కింద నవ్వులు వరసకట్టాయి. సరే, అది నాకు రావలసిందే.

తరవాత శ్రీధర్‌కు ఫోన్ చేశాను.

"సార్, పొద్దుగాల అందరి ముందట మీరే ఓకే అన్నరు గదా" అన్నాడు.

"అన్నాను. తప్పు నాది, నీది కాదు. ఒకటే అడుగుతాను. రాత్రి డ్యూటీలో ఎవరికైనా షుగర్ వస్తే మీరేం చేస్తారు?"

"డేకు మారుస్తం సార్. ఎప్పటిసందో అదే రూలు."

"డేలో ఖాళీ లేకపోతే?"

"మానేస్తరు" అన్నాడు. ఆ మాట అంటూనే, "అంటే మా పట్టిక..." అని ఆగిపోయాడు. నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. అతను తెలివైనవాడే. రాత్రి డ్యూటీకి మనుషులు దొరకక నలిగిపోతున్నాడు. ఒక్క రాత్రి గేటు ఖాళీగా ఉంటే అవతల ఇంకో కమ్యూనిటీ వాళ్లు కాంట్రాక్టే తీసేస్తామంటున్నారట. అతనికి అనుకూలమైన జవాబు అతని పట్టిక ఇచ్చింది. నేను ముద్ర వేశాను.

చివరికి గేటు దగ్గరికి వెళ్లాను. ఈసారి వద్దనే లాయరు లేడు. కొమురయ్య లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. పొద్దున నేను చెప్పింది తప్పనీ, దాన్ని మార్పించడానికి ప్రయత్నిస్తున్నాననీ చెప్పాను.

"మీరేం జేస్తరు సారూ. కంప్యూటర్ల అట్లనే వచ్చిందంట గద" అన్నాడు.

"కంప్యూటర్ తప్పేం లేదు కొమురయ్యా. అడగాల్సింది నేను అడగలేదు."

"అయన్ని నాకెర్కలే సారూ. నేను ఉండాల్నా, పోవాల్నా, అది చెప్పుండ్రి."

ఇంకా తెలియదని చెప్పాను. ఇంటికి వచ్చి ఇదంతా రాయడానికి కూర్చున్నాను.

నెలాఖరు

పైదంతా ఆ ఆదివారం సాయంత్రం రాసింది. ఇప్పుడు నెలాఖరు. తరవాత జరిగింది చెప్పి ముగిస్తాను.

తీర్మానం ఆపడానికి మాధవి గారు ఒప్పుకోలేదు. "ఒకసారి పాసైంది మీ ఒక్క మాట మీద వెనక్కి తీసుకోలేనండి. నెలాఖరు మీటింగులో పెట్టండి, కానీ ఈసారి గట్టిగా తేల్చుకుని రండి" అన్నారు. న్యాయమే.

నార్సింగిలో శ్రీధర్ ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను. గార్డులను ఇప్పుడు చేస్తున్న డ్యూటీని బట్టి కాకుండా, పనిలో చేరినప్పుడు మొదట ఏ డ్యూటీలో వేశారో దాన్నిబట్టి విడగొట్టమన్నాను. అలాగైతే మధ్యలో జబ్బుపడి మారినవాడు ఎక్కడినుంచి బయల్దేరాడో అక్కడే లెక్కకొస్తాడు. తరవాత మానేసినవాళ్లకు ఇద్దరం ఫోన్లు చేశాం. చాలా నంబర్లు పనిచేయలేదు. ఒకతను చెల్లెలి పెళ్లికని వెళ్లి ఊళ్లోనే ట్రాక్టరు నడుపుకుంటున్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. మానేసిన ప్రతివాడూ జబ్బుతోనే మానలేదు, అదీ రాసుకున్నాం. ఇంకో నంబరుకు అతని భార్య ఎత్తింది. షుగర్‌తో కాలి వేలు తీసేశారట. "పనికి మళ్ల పిలుస్తున్నరా సార్?" అని ఆశగా అడిగింది. శ్రీధర్ ఫోన్ నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయాడు. పిలవడం లేదని ఆమెకు నేనే చెప్పాను.

కొత్త లెక్కలో ఫలితం తిరగబడింది. రాత్రి డ్యూటీలో చేరినవాళ్లలోనే షుగర్ ఎక్కువగా తేలింది. పాత తప్పు మళ్లీ చేయకుండా, దీన్ని కూడా గుచ్చి చూశాను. రాత్రి డ్యూటీకి మొదట ఒప్పుకునేది ఎవరు? మరీ అవసరంలో ఉన్నవాళ్లు. వాళ్ల తిండి, వాళ్ల పగటి నిద్ర, రేకుల గదుల్లో ఆ ఎండ, ఇవన్నీ దాగిన కారణాలు కావచ్చు. ఫలితం మొత్తాన్నీ చెరిపేసేటంత బలం వాటికి ఉండకపోవచ్చనిపించింది, కానీ ప్రమాణం చేయలేను.

మీటింగులో ఇదంతా చెప్పాను. గ్రూపులో ఎగతాళి చేసినాయనే లేచి, "ఇంతకూ నైట్ డ్యూటీతోని షుగర్ వస్తదా రాదా? ఒక్క ముక్కల చెప్పుండ్రి" అన్నాడు.

"ఒక్క ముక్కలో చెప్పలేను. పోయినసారి అలా చెప్పే తప్పు చేశాను. రాత్రి డ్యూటీ మంచిదని ఆ పట్టిక చూపించలేదు, అది మాత్రం ఖాయం. కొమురయ్య సంగతికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. అతన్ని రాత్రి డ్యూటీ చేయొద్దని దవాఖాన డాక్టరు చెప్పాడు. వెయ్యిమంది సగటు చూసి ఆ ఒక్క మనిషిని పంపకూడదు. పోయినసారి ఈ మాట చెప్పాల్సింది నేనే. చెప్పలేదు."

శ్రీధర్ లేచి, తనకు అభ్యంతరం లేదనీ, కానీ రాత్రికి ఒక మనిషి తక్కువవుతాడనీ చెప్పాడు. అది నిజమైన ఇబ్బంది. దానికి జవాబు నేను ముందే ఆలోచించుకుని వెళ్లాను. రాత్రిళ్లు వెనక గేటు మూసేస్తే ఒక గార్డు మిగులుతాడు. వెనక గేటు మా బ్లాకు పక్కనే ఉంటుంది, దాన్ని ఎక్కువగా వాడేది మేమే. మా బ్లాకువాళ్లు గొడవ చేశారు. ఆఫీసునుంచి ఆలస్యంగా వస్తే చుట్టూ తిరిగి రావాలి కదా. ఇంటింటికీ ముందే వెళ్లి మాట్లాడి ఉన్నాను కాబట్టి, చివరికి కొంచెం తేడాతో గట్టెక్కింది. ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ లిఫ్టులో నాతో మాట్లాడటం లేదు. డాక్టరు వద్దన్నవాళ్లకు రాత్రి డ్యూటీ వేయకూడదని కొత్త తీర్మానం రాశారు. శ్రీధర్ అదే నియమం మిగతా చోట్ల కూడా ఉంచుతానన్నాడు. ఉంచాడో లేదో నెలకోసారి అడుగుతానని అతనికి చెప్పాను.

మీటింగ్ కాగానే గేటు దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. పగటి డ్యూటీలోనే ఉంటావని కొమురయ్యకు చెప్పాను.

అతను తలూపాడు. "ఇంట్ల ఇంక చెప్పలేదు సారూ. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట వచ్చిన. ఇగ చెప్పే పనే లేదు" అన్నాడు.

గేటు పక్క గార్డు గదిలో బల్ల మీద అతని అన్నం డబ్బా ఉంది. సూది అప్పుడే వేసుకున్నట్టున్నాడు, పక్కనే దూది పడి ఉంది. తినమన్నాను. బండ్లు వస్తున్నాయి, రెండో మనిషి రానీయండి అన్నాడు. గేటు నేను చూస్తానని చెప్పి, అతని కుర్చీ నీడలోకి జరిపాను. అతను మొహమాటపడి, చివరికి కూర్చుని డబ్బా మూత తీశాడు.

డెలివరీ బండి ఒకటి వచ్చి ఆగింది. "అంకుల్, సి బ్లాక్ ఎటు?" అని అడిగాడు బండి కుర్రాడు. దారి చెప్పి గేటు ఎత్తాను. దాని వెనక ఇంకో బండి వచ్చింది. కొమురయ్య తినడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.